అమ్మ ఫోన్లో పుస్తకాల భాష మాట్లాడుతోంది

ఈ వారం మెయిల్ పంపినావిడకి 26 ఏళ్లు. పేరు, ఊరు రాయొద్దన్నారు, కాబట్టి పలాస దగ్గర ఉద్దానంలో ఒక ఊరు అని మాత్రం చెప్తాను. నాన్న చెన్నైలో తాపీ పనికి వలస వెళ్లి సంక్రాంతికి ఇంటికొచ్చే మనిషి. అమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. ఈవిడ ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా, 2018 అక్టోబరులో, తిత్లీ తుపానుకి వాళ్ల కొబ్బరి చెట్లు దాదాపు అన్నీ పడిపోయాయి. అప్పులు చేసి చదువు ఆగకుండా చూశారు. మూడేళ్ల క్రితం విశాఖలో, రుషికొండ వైపు ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మధురవాడలో హాస్టల్లో ఉంటున్నారు.

"మొదటి రోజు అందరూ పరిచయాలు చేసుకుంటుంటే మాది శ్రీకాకుళం సైడ్ అన్నాను మేడమ్. 'ఏటీ, సికాకులమా?' అని ఒకతను సాగదీశాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి టీమ్‌లో నా పేరు సిక్కోలు. కొత్తగా ఎవరైనా చేరితే నన్ను చూపించి, ఒకసారి 'ఏటి' అను, ప్లీజ్ అంటారు. నాన్న ఏం చేస్తారంటే చెప్పాను, అప్పట్నుంచి కట్టడం పని కనిపిస్తే చాలు 'మీవాళ్లేనా' అంటారు" అని రాశారు.

జోకులతో ఆగలేదు. పోయిన ఏడాది ఒక రిపోర్టు మొత్తం ఈవిడే తయారు చేశారు, క్లయింటుకి చూపించే పని మాత్రం టీమ్ లీడ్ ఇంకో అబ్బాయికి ఇచ్చాడు. ఎందుకని అడిగితే "నీకెందుకు టెన్షన్, నీ స్లాంగ్ వాళ్లకి అర్థం కాదు" అన్నాడట. క్లయింటుతో మాట్లాడేది ఇంగ్లీషులో. ఈ ఏడాదీ అదే జరిగింది. ఒకసారి లంచ్‌లో ఈవిడ నీళ్ల బాటిల్ తీసుకోబోయిన అమ్మాయిని ఇంకొకతను "వద్దొద్దు, ఉద్దానం నీళ్లు, కిడ్నీలు పోతాయి" అని ఆపాడు. మళ్లీ నవ్వులు. ఈవిడ పెదనాన్న డయాలసిస్‌లో ఉన్నారు.

దాంతో ఈవిడ యాస మార్చుకునే పనిలో పడ్డారు. హాస్టల్లో తలుపేసుకుని, ఫోన్లో వార్తలు చదివేవాళ్లని చూస్తూ, అద్దం ముందు ఒక్కో మాటా. ఇప్పుడు తనది ఏ ఊరో ఎవరూ పట్టుకోలేరని, కంగారు పడినప్పుడు మాత్రం పాత మాట బయటికి తన్నుకొస్తుందని రాశారు. రూమ్‌మేట్ గురించీ రాశారు, కడప అమ్మాయి, ఈ బాధ చెప్పుకునేది ఆమెకే.

అసలు సంగతి మెయిల్ చివర్లో ఉంది. రెండు నెలల క్రితం వాళ్లమ్మ కళ్లు మసకబారుతున్నాయని చూపించుకోవడానికి విశాఖ వచ్చారు. ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో దిగి, ఎవర్నో అడుక్కుంటూ, చేతిలో పనసపండు ఉన్న సంచితో నేరుగా ఆఫీసు గేటు దగ్గరికే వచ్చేశారు. కూతురు బయటికి రాగానే రోడ్డు మీద నుంచే "ఓలమ్మ, బుజ్జీ! ఏటే ఇలా సిక్కిపోనావు? అన్నం తింతన్నావా నేదా?" అని కేక. వెనకాల టీ తాగుతున్న టీమ్ వాళ్లు విన్నారు. ఎవరో ఆ మాట తిరిగి అన్నారు. ఆటోలో కూర్చున్నాక ఈవిడ తల్లితో, "ఇక్కడున్నన్ని రోజులూ నువ్వు మాట్లాడకు, నేను మాట్లాడతాను" అన్నారు.

ఆవిడ అలాగే చేసింది. రెండు రోజులూ ఆసుపత్రిలో కూడా నోరు విప్పలేదు. శుక్లం ఉంది, నెలాఖరుకి ఆపరేషన్‌కి రమ్మన్నారు డాక్టర్లు. ఊరెళ్లాక ఫోన్ చేసి, "బాగున్నావా అమ్మా. భోజనం చేశావా. ఆఫీసుకు వెళ్తున్నావా. ఉంటాను" అంది. అప్పట్నుంచీ రోజూ అదే తీరు. "మా అమ్మ నాతో పుస్తకాల భాష మాట్లాడుతోంది మేడమ్. కాగితం మీద రాసుకుని చదువుతున్నట్టు. నాకు నిద్ర పట్టట్లేదు. నేను ఉద్యోగం మానేయాలా, యాస మానేయాలా?"

మీ మెయిల్ మూడుసార్లు చదివాను. ఉద్యోగమూ మానొద్దు, యాసా మానొద్దు అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ సోమవారం ఆఫీసుకెళ్లాక దానివల్ల మీకు ఒరిగేదేం ఉండదు. పైగా మీరు యాస ఆఫీసులో మానేసి చాలాకాలమైంది, అయినా పరిస్థితి మారలేదు కదా. అది ఒకసారి గమనించండి. 'ఏటి' పోయి 'ఏంటి' వచ్చింది, సిక్కోలు అన్న పేరు మాత్రం అలాగే ఉంది. అంటే వాళ్లు వెక్కిరిస్తున్నది మీ నోట్లోంచి వచ్చే మాటని కాదు. మొదటి రోజు వాళ్ల మనసులో పడిన ఒక బొమ్మని. ఆ బొమ్మని మీరు అద్దం ముందు నిలబడి చెరపలేరు, అది మీ అద్దంలో లేదు.

నా దృష్టిలో మీరు చెప్పినవన్నీ ఒకే సమస్య కాదు. జోకులు వేరు, రిపోర్టు చూపించే అవకాశం పోవడం వేరు, అమ్మతో జరిగింది పూర్తిగా వేరు. మూడింటినీ కలిపి ఒక మూటగా మోస్తున్నారు కాబట్టి అంత బరువుగా ఉంది. ఒక్కోదానికి మందు వేరు, కొన్నిటికి మందు చేదు.

జోకుల సంగతి చూద్దాం. నవ్వేసి ఊరుకోవడం అనే దారిలో మీరు మూడేళ్లు నడిచారు, అది ఎక్కడికి తీసుకెళ్లిందో మీకే తెలుసు. తిరిగి జోకు వేయడం ఇంకో దారి. కొందరికి బాగా నప్పుతుంది, వెక్కిరించినవాడి ఊరి మీద నాలుగు విసురుతారు, నవ్వు అటు తిరుగుతుంది. కానీ ఒకసారి అందులో దిగితే మీరూ ఆటలో ఉన్నట్టే, రేపు మీకు నచ్చని మాట వచ్చినప్పుడు "నువ్వూ అన్నావుగా" అంటారు. మూడోది, సూటిగా చెప్పడం. అందరి ముందూ కాదు, ఆ పేరు పెట్టినతని దగ్గరికి ఒక్కరే వెళ్లి, "నాకు పేరుంది, దాంతో పిలవండి. మూడేళ్లుగా నవ్వాను గానీ నాకు నవ్వు రావట్లేదు" అనండి. ఇంతకంటే పొడిగించొద్దు, కారణాలు చెప్తూ కూర్చుంటే అది వాదన అయిపోతుంది. ఏమవుతుందో ముందే చెప్తాను. "అయ్యో, సరదాకి కదా, ఇంత ఫీలయ్యావా" అంటాడు. నాలుగు రోజులు మీరు వస్తే గుంపు మాటలాపుతుంది. ఎవరో ఒకరు 'సీరియస్ మేడమ్' అని కొత్త పేరు పెడతారు. ఆ నాలుగు రోజులూ తట్టుకోగలిగితే తర్వాత తగ్గుతుంది, చాలామంది విషయంలో. అందరూ మారతారని మాత్రం అనను. ఒకరిద్దరు ఎప్పటికీ మారరు, వాళ్లతో పనికి సంబంధించిన మాటలు మాత్రం పెట్టుకోండి.

ఇంకో మెత్తటి దారి ఉంది. ఆ నవ్వే గుంపులో మీతో అన్నం పంచుకునే అమ్మాయి ఒకరు ఉంటారు కదా, ఆ బాటిల్ తీసుకోబోయినావిడే కావచ్చు. ముందు ఆవిడతో చెప్పండి. ఎందుకంటే ఇలాంటి నవ్వులు ఒకడు మొదలుపెడతాడు గానీ వాటిని నిలబెట్టేది చుట్టూ ఉన్నవాళ్లు. ఒక్కరు నవ్వడం మానేసినా రుచి పోతుంది.

నీళ్ల బాటిల్ విషయంలో మాత్రం నేను మెత్తగా చెప్పలేను. అది యాస మీద జోకు కాదు, ఒక ప్రాంతంలో ఇంటింటా ఉన్న జబ్బు మీద జోకు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు అంతలా వస్తోందో ఎన్నో ఏళ్లుగా పరిశోధిస్తున్నా ఇదీ కారణమని తేల్చలేకపోయారు, కానీ అది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే రోగం కాదన్నది మాత్రం ఖాయం. పక్కన కూర్చుంటే రాదు, బాటిల్ ముట్టుకుంటే రాదు, పెళ్లి చేసుకుంటే రాదు. ఇంతా చేసి ఆ బాటిల్లో ఉన్నవి మధురవాడ హాస్టల్ నీళ్లు! ఆ మాట మళ్లీ వస్తే అక్కడికక్కడే, అందరి ముందే, "మా పెదనాన్న డయాలసిస్‌లో ఉన్నారు" అని చెప్పండి. అంతే చాలు. దాని తర్వాత నవ్వగలిగేవాడు ఉంటే, వాడెలాంటివాడో మిగతావాళ్లకీ తెలుస్తుంది. పెదనాన్న సంగతి ఆఫీసులో చెప్పుకోవడం మీకు ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు, మీ ఇంటి బాధని వాళ్లకి పాఠం చేయాల్సిన బాధ్యత మీది కాదు. అప్పుడు లేచి వెళ్లిపోండి.

ఇక ఉద్యోగం. ఇక్కడ నేను కాస్త నిష్ఠూరంగా అడగాలి, ఏమీ అనుకోకండి. మీ ఇంగ్లీషు ఎలా ఉంది? లీడ్ 'స్లాంగ్' అన్నాడు, క్లయింటుతో మాట్లాడేది ఇంగ్లీషులో, కాబట్టి తెలుగు యాస అన్నది సాకు అని మీకూ నాకూ తెలుసు. కానీ సాకు వెనకాల నిజమైన కారణం ఒకటి ఉండొచ్చు, లేకపోవచ్చు. మీరు వేగంగా మాట్లాడతారేమో, ప్రశ్న అడిగితే తడబడతారేమో. తడబడితే అందులో కొంత వాళ్ల పుణ్యమే అని కూడా చెప్పాలి. 1995లో అమెరికాలో క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్‌సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు నల్లజాతి విద్యార్థులకి ఒక పరీక్ష పెట్టారు. ఇది మీ తెలివిని కొలిచే పరీక్ష అని చెప్పి పెడితే వాళ్ల మార్కులు తగ్గాయి, అలా చెప్పకుండా అదే పరీక్ష పెడితే మెరుగ్గా రాశారు. మనవాళ్ల గురించి జనం అనుకునేదే నిజమని నావల్ల రుజువైపోతుందేమో అన్న భయం బుర్రలో సగం తినేస్తుందని వాళ్లు తేల్చారు. ఆ ప్రభావం ఎంత పెద్దదన్న దాని మీద తర్వాత చాలా వాదనలు జరిగాయి గానీ, 'కంగారు పడితే పాత మాట తన్నుకొస్తుంది' అని మీరు రాసిన వాక్యం చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. ఒక చెవి మీ నోటికి కాపలా పెట్టి, మిగిలిన బుర్రతో రిపోర్టు చెప్పాలంటే ఎవరికైనా కష్టమే.

కాబట్టి లీడ్‌ని అడగాల్సింది "నాకెందుకు ఇవ్వలేదు" అని కాదు. "వచ్చే రిపోర్టు క్లయింటుకి నేనే చూపించాలనుకుంటున్నాను. నేను మెరుగుపరుచుకోవాల్సినవి ఏమైనా ఉంటే ఏవో చెప్పండి" అని, నోటితో కాకుండా మెయిల్‌లో అడగండి. నోటి మాటకి "నీకెందుకు టెన్షన్" అని నోటి జవాబే వస్తుంది, రాతకి ఎవరైనా కాస్త ఆలోచించి రాస్తారు. నిజమైన లోపం చెప్తే మంచిదే, అది దిద్దుకోవచ్చు, టీమ్ ముందు ఒకసారి చెప్పి చూపించి తర్వాత క్లయింటు దగ్గరికి వెళ్లొచ్చు. ఏమీ చెప్పకుండా దాటేస్తే మీ చేతిలో ఒక కాగితం మిగులుతుంది. పోయిన ఏడాది, ఈ ఏడాది ఏ నెలలో ఏ రిపోర్టు, ఎవరు తయారు చేశారు, ఎవరు చూపించారు, ఆయన అన్న మాట, అన్నీ తేదీలతో రాసి పెట్టుకోండి. ఫిర్యాదు చేయడానికే కాదు, కొన్నాళ్లకి "నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా" అన్న అనుమానం మీకే వస్తుంది, అప్పుడు చూసుకోవడానికి.

ఆ పైన హెచ్ఆర్ ఉంది, లీడ్ మీద మేనేజరు ఉన్నారు. వెళ్లొచ్చు. వెళ్తే లీడ్‌కి కోపం వస్తుంది, మీ రేటింగ్ ఇచ్చేది అతనే. అది చిన్న విషయం కాదు, ఇంట్లో అప్పు ఉన్నవాళ్లకి ధైర్యం చెప్పడం బయటివాళ్లకి తేలిక. చట్టం సంగతి కూడా దాచను. రాజ్యాంగంలో 16వ అధికరణం పుట్టిన చోటుని బట్టి, నివాసాన్ని బట్టి వివక్ష చూపకూడదంటుంది, కానీ అది ప్రభుత్వ ఉద్యోగాలకి. ప్రైవేటు కంపెనీలో యాసని వెక్కిరించారని ఆ అధికరణం పట్టుకుని వెళ్లలేరు. మీకు ఆధారం కంపెనీ సొంత నియమావళి, చేరిన రోజు చదవకుండా సంతకం పెట్టి ఉంటారే, అది. చాలా కంపెనీలు అందులో ఇలాంటి ప్రవర్తన గురించి ఏదో ఒకటి రాసుకుంటాయి, తీసి చదవండి. వెళ్తే "నన్ను ఏడిపిస్తున్నారు" అని వెళ్లకండి, "నేను చేసిన పని రెండుసార్లు నా చేతుల్లోంచి తీసేశారు, కారణంగా నా యాస చెప్పారు" అని వెళ్లండి. మొదటిది వింటే ఓదారుస్తారు, రెండోది వింటే జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఉద్యోగం మారడం కూడా తప్పేం కాదు, పారిపోవడం అంతకంటే కాదు. రెండో ఆఫర్ చేతికొచ్చాక మారండి, ముందు కాదు. కానీ అక్కడ యాస గొడవ ఉండదనుకుని మాత్రం వెళ్లకండి. హైదరాబాద్ వెళ్తే అక్కడ తెలంగాణ వాళ్లు ఇదే మాట చెప్తారు, సినిమాల్లో ఏళ్ల తరబడి వాళ్ల మాటని రౌడీలకీ కమెడియన్లకీ తగిలించారని. నెల్లూరు వాళ్లకి వాళ్ల బాధ వాళ్లకుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మీ రూమ్‌మేట్ గురించి మీరు రాసిన వాక్యం ఇది: "కడప అమ్మాయి, అయినా చాలా సాఫ్ట్." ఆ 'అయినా' మీరు కావాలని రాయలేదని నాకు తెలుసు. దాని మీద మీరు ఒక్క క్షణం కూడా ఆగి ఉండరు, వేలు దానంతటదే టైప్ చేసి ఉంటుంది. సీమ అంటే బాంబులు, సుమోలు, కత్తులు అని మనందరి బుర్రల్లో ఉన్న బొమ్మే అది. మిమ్మల్ని తప్పు పట్టడానికి ఇది ఎత్తలేదు. మీ టీమ్‌లో మొదటి రోజు 'ఏటీ' అని సాగదీసిన అబ్బాయి కూడా బహుశా ఇంతే ఆలోచించి ఉంటాడు, అంటే అస్సలు ఆలోచించి ఉండడు. మీ రూమ్‌మేట్‌ని ఒకసారి అడిగి చూడండి, విశాఖ వచ్చినప్పట్నుంచి ఎంతమంది ఆవిడని ఫ్యాక్షన్ గురించి అడిగారో. మీకు చెప్పుకోవడానికి మనిషి దొరికింది, ఆవిడకి దొరికిందో లేదో.

యాస గురించి కూడా నా మాట చెప్తాను, ఒప్పుకోవాలని లేదు. ఆఫీసులో ఒకలా, ఇంట్లో ఒకలా మాట్లాడటం నటన కాదు, అది ఒక విద్య. కోర్టులో మాట్లాడినట్టు లాయరు ఇంట్లో మాట్లాడడు. మీరు అద్దం ముందు కష్టపడి నేర్చుకున్నది వృథా పోదు, దాన్ని పారేయొద్దు. కాకపోతే కొత్తది నేర్చుకోవడానికి పాతదాన్ని అసహ్యించుకోవాల్సిన అవసరం లేదు, మీరు రెండూ కలిపేశారు. నాది విజయనగరం వైపు. పాతికేళ్ల క్రితం చదువుకి గుంటూరు వెళ్లి 'వచ్చీసాను' అన్నందుకు తరగతంతా నవ్వింది, ఆరు నెలల్లో 'వచ్చేశాను' నేర్చేసుకున్నాను. ఇప్పుడు నా అసలు మాట కోపం వస్తే తప్ప రాదు. కోపంలో వచ్చేదే సొంత భాష అని మా అత్తగారు అంటుంటారు, ఆవిడది తణుకు, ఆవిడ సొంత భాష నాకు బాగా పరిచయం.

నాకు నవ్వొచ్చేది ఏంటంటే, ఇదంతా జరుగుతున్నది విశాఖలో. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా విడిగా ఏర్పడక ముందు మీ ఊరు కూడా విశాఖపట్నం జిల్లాలోదే. పూర్ణా మార్కెట్‌లో ఒక అరగంట నిలబడి వినండి, కాంప్లెక్స్‌లో టెక్కలి బస్సు దగ్గర నిలబడి వినండి, మీ అమ్మ మాట మీకు వంద గొంతుల్లో వినిపిస్తుంది. ఆ మాటకి ఇది పరాయి ఊరు కాదు, రుషికొండ మీద ఆ నాలుగు అద్దాల గోడల మధ్యే పరాయి. మరి సరైన తెలుగు అని మనం అనుకునేది ఎక్కడిదంటారా, ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ల మాట పుస్తకాల్లోకి, పేపర్లలోకి, రేడియోలోకి వెళ్లి అలా స్థిరపడింది. అక్కడ డబ్బు, కాలేజీలు, పత్రికలు ఉన్నాయి కాబట్టి స్థిరపడింది, ఇంకే గొప్పా లేదు. ఆగస్టు 29న మీ ఆఫీసులో కూడా తెలుగు భాషా దినోత్సవం అని పంచెలు కట్టుకుని ఫొటోలు దిగుతారేమో, అది గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు. జనం మాట్లాడే భాషలో పుస్తకాలు రాయాలని జీవితమంతా పోట్లాడినాయన, 1863లో పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. ఈ సంగతి మీ లీడ్‌కి చెప్తే మారిపోతాడని కాదు. కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గర ఊరు, 2000లో సిడ్నీలో పతకం తెచ్చి ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది అని చెప్పినా మారడు. పైగా మర్యాద దక్కాలంటే పతకం తేవాల్సిందే అన్నట్టుంటుంది. ఇవి మీరు తెలుసుకోవడానికే.

ఇప్పుడు అమ్మ.

ఒక పాత ప్రయోగం గురించి చెప్పాలి. 1960లో కెనడాలో, మాంట్రియల్ నగరంలో వాలస్ లాంబర్ట్ అనే ఆయన, తోటివాళ్లతో కలిసి, ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ సమానంగా వచ్చిన మనుషులతో ఒకే విషయాన్ని రెండు భాషల్లో చదివించి రికార్డు చేశాడు. తర్వాత ఆ గొంతులు జనానికి వినిపించి, ఈ మనిషి ఎలాంటివాడనిపిస్తోంది అని అడిగాడు. వినేవాళ్లకి అవి రెండూ ఒకే మనిషి గొంతులని తెలీదు. ఆ ఊళ్లో ఆ రోజుల్లో డబ్బూ పెత్తనమూ ఇంగ్లీషువాళ్లవి. ఇంగ్లీషు గొంతు విన్నప్పుడు తెలివైనవాడు, నమ్మదగినవాడు, ఆఖరికి పొడుగైనవాడు కూడా అన్నారు, అదే మనిషి ఫ్రెంచిలో చదివితే తక్కువ వేశారు. ఇంగ్లీషువాళ్లు అలా అన్నారంటే అర్థం ఉంది. ఫ్రెంచి మాట్లాడేవాళ్లే తమ సొంత భాష గొంతుకి తక్కువ వేశారు, ఇంగ్లీషువాళ్ల కంటే ఇంకా ఎక్కువ లక్షణాల్లో.

ఆ రోజు ఆటోలో మీ నోటి నుంచి వచ్చింది మీ మాట కాదని నేననను, అది మీ మాటే, మీరే అన్నారు. కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మిమ్మల్ని మీరు రాక్షసిలా చూసుకోవడం కాస్త తగ్గుతుంది. మూడేళ్లు మిమ్మల్ని కొలిచిన బద్దతోనే మీరు అమ్మని కొలిచారు. అమ్మ మాట వినగానే మీకు వినపడింది అమ్మ గొంతు కాదు, వెనకాల వాళ్ల నవ్వు.

ఆవిడ తరఫు నుంచి కూడా చూడండి. ఆవిడ అలగలేదు, తిట్టలేదు, ఫోన్ మానేయలేదు. కూతురికి తన మాట వల్ల తలవంపులు వస్తున్నాయని అర్థం చేసుకుని, ఈ వయసులో, బిడ్డ కోసం కొత్త భాష నేర్చుకుంటోంది. మీరు అద్దం ముందు చేసిందే ఆవిడ అక్కడ చేస్తోంది, అద్దం కూడా లేకుండా. నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది, టీమ్ లీడ్ కాదు.

ఏం చేయాలి అంటే, ఫోన్లో 'సారీ' చెప్పొచ్చు. చెప్తే ఆవిడ "ఏమీ లేదమ్మా, అలాంటిదేం లేదు" అంటుంది, అది కూడా పుస్తకాల భాషలోనే అంటుంది, మీరు ఇంకా కుమిలిపోతారు. మన ఇళ్లలో ఆ మాట తల్లికి చెప్పే అలవాటు తక్కువ, వినే అలవాటు ఇంకా తక్కువ. ఇంకో దారి, మీరే ముందు మీ మాటలోకి దిగిపోండి. ఈ రాత్రి ఫోన్ ఎత్తగానే "ఏటమ్మా, ఏటి సేత్తన్నావు" అనండి. మొదట ఆవిడ తడబడుతుంది, మూడు నాలుగు రోజులు పట్టొచ్చు. మీ నోటికి కూడా ఎబ్బెట్టుగా ఉంటుందేమో, మీరే వాడటం మానేసి చాలా రోజులైంది కదా. మూడో దారి ఊరెళ్లడం, ఒక శని ఆదివారాలు. అక్కడ వీధిలో, అందరి ముందూ, ఆవిడతో ఎప్పట్లా మాట్లాడటం. ఫోన్లో పది రోజుల్లో కరగనిది అక్కడ పొయ్యి దగ్గర ఒక పూటలో కరగొచ్చు. నాకు ఇది ఎక్కువ నచ్చింది, కానీ సెలవు, ఖర్చు మీకు తెలుసు.

ఆఫీసు సంగతులు ఆవిడకి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్తే ఆవిడ బాధపడుతుంది, నిజమే. చెప్పకపోతే మాత్రం తన కూతురికి తనంటే నామోషీ అనే అనుకుంటూ ఉండిపోతుంది, ఆ బాధ ఇంకా పెద్దది కాదా? రిపోర్టులు, క్లయింట్లు అన్నీ వద్దు, "నన్నూ అలాగే ఏడిపిస్తన్నారమ్మా" అన్న ఒక్క ముక్క చాలు. జీడి ఫ్యాక్టరీలో అన్నేళ్లు పనిచేసిన మనిషికి సూపర్‌వైజర్ల నోళ్లు ఎలా ఉంటాయో మీకంటే బాగా తెలుసు, మీకు పనికొచ్చే సలహా నాకంటే ఆవిడే ఇస్తుందేమో.

నిద్ర పట్టకపోవడం ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే మాత్రం లోపల పెట్టుకోకండి, టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత నంబరు ఉంది, 14416, తెలుగులోనే మాట్లాడతారు. ఏ యాసలో మాట్లాడినా వాళ్లకి అభ్యంతరం ఉండదు.

ఒకటి అడగడం మర్చిపోయాను. అమ్మ విశాఖ వచ్చి రెండు నెలలైందని రాశారు, నెలాఖరుకి ఆపరేషన్‌కి రమ్మన్నారనీ రాశారు. ఆ నెలాఖరు వెళ్లిపోయింది. ఆపరేషన్ అయిందా లేదా మీ మెయిల్‌లో ఎక్కడా లేదు. అయి ఉండదని నా అనుమానం, ఈ ఊరు రావడానికి ఆవిడే వాయిదా వేస్తూ ఉంటుంది. రేపు ఆసుపత్రికి ఫోన్ చేసి కొత్త తేదీ తీసుకోండి, ఆ వారం సెలవు పెట్టండి, కాంప్లెక్స్‌కి మీరే వెళ్లి దింపుకోండి. ఈసారి డాక్టరు దగ్గర కంటి సంగతి ఆవిడనే చెప్పనివ్వండి.